సీటు వెనక ట్యాంకును బెడ్ కిందికి మార్చడం: 1967–72 షెవ్రొలే సీ10 పికప్‌లో ఎలా చేయాలి

1967 నుంచి 1972 వరకు వచ్చిన షెవ్రొలే సీ10 పికప్‌లో డ్రైవర్ వీపుకీ పెట్రోలు ట్యాంకుకీ మధ్య ఉండేది సీటు ఒక్కటే. దాదాపు 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్ల పెట్రోలు, క్యాబిన్ లోపలే నిలువుగా నిలబెట్టిన రేకు ట్యాంకులో ఉంటుంది. అప్పట్లో అమెరికాలో చాలా పికప్‌ల తీరు ఇదే, ఫోర్డ్ ఎఫ్-100 లోనూ అంతే. బండి కొత్తగా ఉన్నప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ బళ్ళకు యాభై ఏళ్ళు దాటాయి. ట్యాంకు మూతి క్యాబ్ బయటికి వచ్చే చోట ఉన్న రబ్బరు ఎండి బీటలు తీస్తుంది, లోపలి గొట్టం గట్టిపడి చివర్లలో చెమరుస్తుంది. ఎండలో ఆపిన బండి తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళాలంటే నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం ఇదే.

ట్యాంకును వెనక్కి, బెడ్ (వెనక సామాను వేసుకునే తొట్టి) కిందికి మార్చేస్తే వాసన పోతుంది. సీటు వెనక చోటు మిగులుతుంది, పొడుగు మనుషులు సీటును ఇంకాస్త వెనక్కి జరుపుకోవచ్చు. అన్నిటికీ మించి, ఏదైనా జరిగితే పెట్రోలు మనుషులు కూర్చున్న చోట ఉండదు. పానా పట్టడం, డ్రిల్లు వాడడం అలవాటున్నవాళ్ళు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ట్యాంకు బిగించడం ఇందులో సులువైన భాగం. పెట్రోలు లోపలికి వెళ్ళే దారి, గాలి బయటికి వచ్చే దారి, ఈ రెండిటి దగ్గరే ఎక్కువమందికి పని చెడుతుంది. ట్యాంకు కొనకముందే ఆ రెండు దారులూ ఎటు నుంచి ఎటు పోవాలో కాగితం మీద గీసుకోండి.

ఎక్కడ పెట్టాలి

వెనక ఇరుసుకూ వెనక బంపరుకూ మధ్య, బండి పొడుగునా పోయే ఫ్రేము ఇనుప పట్టీలు రెండిటి నడుమ. సీ10లో స్టెప్నీ టైరు వేలాడే చోటు అది. కాబట్టి స్టెప్నీకి వేరే జాగా చూసుకోవాలి, చాలామంది బెడ్ లోపల పక్కగోడకు బిగించుకుంటారు.

ఫ్రేము బయట పక్కన, బెడ్ అంచు కింద చోటు ఖాళీగా కనిపిస్తుంది, అక్కడ పెడితే పైపుల పని కూడా తేలిక. అక్కడ పెట్టకండి. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్సే 1973 నుంచి 1987 వరకు తన పికప్‌లకు ట్యాంకులను అలా ఫ్రేము బయట పెట్టింది. పక్క నుంచి గుద్దినప్పుడు ట్యాంకుకు అడ్డంగా పల్చటి రేకు తప్ప ఏమీ ఉండదు. మంటలు, కేసులు, ప్రభుత్వ విచారణ అన్నీ అయ్యాక 1994 చివర్లో కంపెనీ అమెరికా రవాణా శాఖతో ఒప్పందానికి వచ్చి, భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. అలాంటి చోటును మన చేతులతో మళ్ళీ ఎంచుకోవడం నాకు నచ్చదు.

ఇరుసు వెనక చోటుకూ దాని ప్రమాదం దానికుంది. ఫోర్డ్ పింటో కార్లో ట్యాంకు అక్కడే ఉండేది. వెనక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకు జరిగి డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) దగ్గరి బోల్టులకు తగిలి చిరిగేది. 1978లో ఫోర్డ్ ఆ కార్లను వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది. దాని నుంచి మనం నేర్చుకోవలసింది ట్యాంకు చుట్టూ మొనదేలినదేదీ ఉండకూడదని. పొడుగాటి బోల్టు కొసలు, ట్రైలర్ హిచ్ బ్రాకెట్ మూలలు, ఇరుసు మీది క్లిప్పులు ట్యాంకు వైపు చూస్తుంటే వాటిని కోసి నున్నగా చేయండి, లేదా బోల్టును తిప్పి తల ట్యాంకు వైపు వచ్చేలా వేయండి. సీ10 ఫ్రేము పట్టీలు బలమైనవి. వాటి నడుమ, వాటి అడుగు అంచుకంటే కిందికి దిగకుండా కూర్చున్న ట్యాంకుకు రెండు పక్కలా మంచి కాపు ఉంటుంది.

ఇండియాలో ఉండి పాత జీపుకో వ్యానుకో ఇలా చేద్దామనుకునేవాళ్ళు ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోవాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. అమెరికాలో రాష్ట్రానికొక రూలు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు. ఎక్కడున్నా ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పు సంగతి ముందే చెప్పడం మంచిది.

ట్యాంకు ఎంపిక

ఈ బండికి మూడు దారులున్నాయి. ఒకటి, 1969–72 షెవ్రొలే బ్లేజర్ ఎస్‌యూవీ ట్యాంకు. అదే కుటుంబం బండి కాబట్టి అదే ఫ్రేములో తక్కువ తంటాతో కూర్చుంటుంది. రెండు, 1973 తర్వాతి పెద్ద బ్లేజర్ ట్యాంకు. అది దాదాపు 31 గ్యాలన్లది. దూర ప్రయాణాలకు బాగుంటుంది కానీ నిండా పోస్తే పెట్రోలు బరువే 85 కిలోలు, లోతు కూడా ఎక్కువ. బండిని కిందికి దించి నడిపేవాళ్ళకు అది పనికిరాదు. మూడు, సీ10 కోసమే చేసి అమ్ముతున్న కొత్త ట్యాంకు కిట్లు. బ్రాకెట్లు, పట్టీలు, గేజి సెండరు (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కొలిచి ముల్లుకు చెప్పేది) అన్నీ కలిపి వస్తాయి.

నా ఓటు మూడోదానికే. పాత ట్యాంకు చవగ్గా దొరికినా, దాన్ని శుభ్రం చేయించి, లోపల తుప్పు ఉందో లేదో చూసి, సెండరు వేరే కొనేసరికి మిగిలేదేమీ ఉండదు. కొనేటప్పుడు లోపల అడ్డగోడలు ఉన్న ట్యాంకే అడగండి. అవి లేకపోతే మలుపుల్లో పెట్రోలంతా ఒక పక్కకు పోయి, ట్యాంకు పావు వంతు ఉండగానే ఇంజిన్ తడబడుతుంది. ముందు ముందు జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ లాంటి కొత్త తరం ఇంజెక్షన్ ఇంజిన్ వేసే ఆలోచన ఉంటే, ట్యాంకు లోపలే పంపు పట్టేదాన్ని ఇప్పుడే తీసుకోండి. రెండోసారి బెడ్ విప్పడం కంటే ఇప్పుడు ఇంకాస్త డబ్బు పెట్టడం నయం.

పాత పెట్రోలు తీయడం

ఈ పని ఆరుబయట చేయాలి, గ్యారేజీలో వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. అమెరికా ఇళ్ళలో చాలాచోట్ల గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాని అడుగున చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. ఆవిరి అక్కడిదాకా చేరితే మీరు ఎంత దూరంలో ఉన్నా ప్రయోజనం లేదు.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. పెట్రోలు మంటలకు పనికొచ్చే ఏబీసీ రకం ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. డబ్బాలను నేల మీదే ఉంచి నింపండి, బండి బెడ్‌లో పెట్టి కాదు. ముఖ్యంగా ప్లాస్టిక్ లైనర్ ఉన్న బెడ్‌లో డబ్బా నింపితే స్టాటిక్ కరెంటు పేరుకుని నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది, అమెరికాలో అలా మంటలు అంటుకున్న ఘటనలు నమోదయ్యాయి. చేతి పంపుతో తోడండి. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చడం మాత్రం వద్దు, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పాతబడి వార్నిష్ వాసన వస్తున్న పెట్రోలును మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేయండి.

పాత ట్యాంకు విప్పడం

సీటు నేలకు ఉన్న బోల్టులు విప్పి బయటికి తీయండి. వెనక గోడకు ఆనుకుని ట్యాంకు కనిపిస్తుంది. సెండరు మీది తీగలు, మూతి గొట్టం క్లాంపులు, క్యాబ్ అడుగున ఇంజిన్‌కు పోయే పైపు, ఆ తర్వాత ట్యాంకును పట్టుకున్న బోల్టులు, ఈ వరసలో విప్పండి. తెరుచుకున్న ప్రతి నోటికీ వెంటనే బిరడా వేయండి. ఇద్దరు పట్టుకుంటే తలుపు గుండా తేలిగ్గానే వస్తుంది. వచ్చిన వెంటనే బండికి దూరంగా, ఆరుబయట పెట్టండి.

బెడ్ బోల్టుల సంగతి ఆ తర్వాతే. ఈ వరస ఎందుకు చెబుతున్నానంటే, యాభై ఏళ్ళ బెడ్ బోల్టులు పానాకు లొంగవు, చివరికి గ్రైండరుతో కోయాల్సి వస్తుంది. గ్రైండరు నిప్పురవ్వలు చిమ్ముతున్నప్పుడు ఆ చుట్టుపక్కల పెట్రోలు చుక్క కూడా ఉండకూడదు. పాత ట్యాంకు బయటికి పోయి, క్యాబిన్ తలుపులు తెరిచి వాసన పూర్తిగా పోయాకే గ్రైండరు ప్లగ్గు పెట్టండి.

బెడ్ తీయకుండా కింద పడుకుని కూడా చేయొచ్చని చెప్పేవాళ్ళున్నారు. చేయొచ్చు. కానీ నలుగురు స్నేహితులు వస్తే బెడ్ పక్కకు దిగిపోతుంది, ఆపైన ప్రతి పనీ నిలబడి, కళ్ళెదుట చేసుకోవచ్చు. గొట్టాల వాలు సరిగా చూడాలంటే నాకు ఇదొక్కటే దారిగా కనిపిస్తుంది.

బిగించడం

కొత్త ట్యాంకును ఖాళీగా జాకీ మీద ఎత్తి, దాని చోట నిలిపి చూడండి. ఇరుసు పూర్తిగా పైకి లేచినప్పుడు ఎక్కడిదాకా వస్తుందో తెలియాలి. ఫ్రేమును స్టాండ్ల మీద ఉంచి, వెనక కాయిల్ స్ప్రింగులు తీసి, ఇరుసును జాకీతో రబ్బరు స్టాపర్లకు ఆనేదాకా లేపండి. అప్పుడు కూడా డిఫరెన్షియల్‌కూ ట్యాంకుకూ మధ్య కనీసం రెండంగుళాలు ఉండాలి. సీ10 వెనక ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ కదలికను కూడా అప్పుడే చూసేయండి. సైలెన్సర్ పైపు ట్యాంకు పక్కగా పోతుంటే దాన్ని మళ్ళించండి, కుదరకపోతే మధ్యలో వేడి ఆపే రేకు వేయండి.

ఫ్రేముకు రంధ్రాలు వేయాల్సి వస్తే నిలువు భాగంలోనే వేయండి. పైన, కింద ఉండే అడ్డ అంచులకు డ్రిల్లు పెట్టొద్దు. బరువు మోసేది ఆ అంచులే, అక్కడ రంధ్రం పడితే పగులు అక్కడే మొదలవుతుంది. గ్రేడ్ 8 బోల్టులు, నైలాన్ లాక్ నట్లు వాడండి. ట్యాంకును పట్టి ఉంచే రేకు పట్టీకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు పట్టీ వేయాలి. గుడ్డ, ఫెల్ట్ లాంటివి నీళ్ళు పీల్చి పట్టి ఉంచుతాయి, రెండేళ్ళలో వాటి కిందే తుప్పు పడుతుంది. పట్టీలు ట్యాంకు కదలనంత వరకే బిగించండి, రేకు లోపలికి నొక్కుకుపోయేలా కాదు.

పోసే దారి, గాలి దారి

ఇక అసలు విషయం. అమెరికా బంకుల్లో నాజిల్ నిమిషానికి 10 గ్యాలన్ల వరకు పోయగలదు, దాదాపు 38 లీటర్లు. అంటే అదే నిమిషంలో 38 లీటర్ల గాలి, ఆవిరి ట్యాంకులోంచి బయటికి రావాలి. దానికి దారి లేకపోతే అది పోసే గొట్టంలోంచే ఎదురొస్తుంది, పెట్రోలును వెనక్కి నెడుతుంది. నాజిల్ కొసకు దగ్గర్లో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాన్ని పెట్రోలు కప్పగానే నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. ట్యాంకు మార్చుకున్న ఎంతోమంది బంకు దగ్గర ట్రిగ్గర్ నొక్కడం, టక్కుమనడం, మళ్ళీ నొక్కడం, ఇలా పావుగంట నిలబడుతుంటారు. కారణం ఇదే.

పోసే గొట్టం మూతి నుంచి ట్యాంకు దాకా ఎక్కడా ఆగకుండా కిందికే దిగాలి. మధ్యలో గొట్టం కుంగి పొట్ట వేలాడితే అక్కడ పెట్రోలు నిలిచి, గాలిని మూసేస్తుంది. వంపులు వీలైనంత తక్కువ, ఉన్నవి గుండ్రంగా ఉండాలి. లోపలి వెడల్పు రెండంగుళాలు ఉంటే మంచిది. రేడియేటర్ గొట్టం చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కొలత కూడా సరిపోతుంది, కానీ పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఇంధనం పోయడానికని రాసి ఉన్న గొట్టమే కొనండి.

దాని పక్కనే ఇంకో సన్న గొట్టం, అర అంగుళం పైన, ట్యాంకు పై కొస నుంచి బయలుదేరి మూతి దగ్గర పోసే గొట్టం పైభాగంలో కలవాలి. పోసేటప్పుడు గాలి వచ్చే దారి ఇది. ఇదీ పైకే ఎక్కాలి, ఎక్కడా కుంగకూడదు.

మూడోది, బండి నడిచేటప్పుడు ఊపిరి పీల్చుకునే దారి. ఇంజిన్ పెట్రోలు లాగుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి, ఎండకు ఆవిరి పెరిగితే బయటికి పోవాలి. దీనికి రోలోవర్ వాల్వ్ వాడాలి. బండి బోర్లా పడితే అందులోని గుండు జారి దారి మూసేస్తుంది. అక్కడి నుంచి గొట్టాన్ని ట్యాంకు కంటే ఎత్తుకు తీసుకెళ్ళి, వీలైతే పెట్రోలు ఆవిరిని పీల్చి పట్టుకునే బొగ్గు డబ్బాకు కలపండి. మీ బండికి మొదటి నుంచీ ఆ డబ్బా ఉంటే తీసేయొద్దు, వాసన రాకుండా చూసేది అదే.

మూతి ఎక్కడ తెరుచుకోవాలన్నది మీ ఇష్టం. బెడ్ నేలలో మూత పెడితే బయటికి ఏమీ కనిపించదు, అందుకే షోలకు వెళ్ళే బళ్ళలో ఎక్కువగా అదే ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే బెడ్‌లో సామాను ఉన్న రోజు పెట్రోలు పోయించలేరు, ఒలికింది బెడ్‌లోనే పారుతుంది, పైగా ట్యాంకు సరిగ్గా కిందే ఉండడంతో గొట్టం మరీ పొట్టిగా వస్తుంది. పక్కగోడలో చిన్న తలుపు కోయించి పెట్టడం బండిని రోజూ వాడేవాళ్ళకు మేలు. గొట్టానికి మంచి వాలు దొరుకుతుంది. మంచి పెయింటున్న బెడ్‌ను కోయడానికి మనసు ఒప్పదు, నిజమే. ఎక్కడ పెట్టినా మూతి దగ్గరి లోహపు భాగానికీ, ట్యాంకుకీ ఒక తీగతో ఫ్రేముకు ఎర్త్ ఇవ్వండి. గొట్టం రబ్బరు, బెడ్ నేల చాలా బళ్ళలో చెక్క. ఎర్త్ లేకపోతే మూతి గాలిలో వేలాడే లోహపు ముక్కగా మిగిలి స్టాటిక్ పట్టుకుంటుంది.

పైపులు, పంపు

ఇంజిన్‌కు పోయే పైపు 3/8 అంగుళం, వెనక్కి వచ్చేది ఉంటే 5/16 అంగుళం చాలు. రాగి, నికెల్ కలిపిన పైపు చేతితోనే వంగుతుంది, తుప్పు పట్టదు. ఉత్త రాగి పైపు వాడకండి, అదురుకు గట్టిపడి పగులుతుంది. ఫ్రేము పట్టీ లోపలి వైపుగా, రబ్బరు తొడుగున్న క్లాంపులతో అడుగున్నరకు ఒకటి చొప్పున పట్టించుకుంటూ రండి. రబ్బరు గొట్టం కదలిక ఉన్న చోట మాత్రమే, చిన్న ముక్కగా ఉండాలి.

కార్బురేటర్ ఇంజిన్‌కు కావలసిన ఒత్తిడి 5, 6 పీఎస్‌ఐ మాత్రమే. ఇంజిన్‌కు ఉన్న మెకానికల్ పంపు మంచి కండిషన్‌లో ఉంటే వెనక ట్యాంకు నుంచి కూడా లాగేస్తుంది, మార్చక్కర్లేదు. ఇంజెక్షన్ ఇంజిన్ అయితే లెక్క వేరు. ఎల్‌ఎస్‌కు 58 పీఎస్‌ఐ కావాలి, పంపు ట్యాంకులోనే మునిగి ఉండాలి, గొట్టాలు ఎస్‌ఏఈ జే30ఆర్9 రకానివి వాడాలి. కార్బురేటర్‌కు వాడే మామూలు గొట్టం, స్క్రూ క్లాంపు ఆ ఒత్తిడికి ఆగవు. ఎలక్ట్రిక్ పంపుకు ఫ్యూజు, రిలే పెట్టి, గుద్దుకున్నప్పుడు కరెంటు ఆపేసే ఇనర్షియా స్విచ్ కూడా కలపండి. గుద్దుకుని ఇంజిన్ ఆగిపోయినా పంపు తిరుగుతూనే ఉండడం కంటే పెద్ద ప్రమాదం లేదు.

పెట్రోలు ముల్లు

1965 నుంచి జనరల్ మోటార్స్ గేజిలు 0–90 ఓమ్ సెండరుతో పనిచేస్తాయి. ఖాళీగా ఉంటే 0, నిండితే 90. అంతకు ముందు బళ్ళవి 0–30. ఫోర్డ్‌వి దీనికి తలకిందులు, ఖాళీకి దాదాపు 73, నిండుకు 10 దగ్గర. కిట్‌తో వచ్చిన సెండరు ఏ రకమో బిగించకముందే మల్టీమీటరుతో చూడండి. చెయ్యిని కిందికి దించి ఒకసారి, పైకి ఎత్తి ఒకసారి కొలిస్తే తెలిసిపోతుంది.

గేజికి పోయే తీగ లేత గోధుమరంగుది. దాన్ని వెనకదాకా పొడిగించి, సెండరుకు కలపకముందు ఇలా పరీక్షించండి. ట్యాంకులో ఇంకా పెట్రోలు పోయని ఈ దశలోనే బ్యాటరీ తీగ కలిపి తాళం తిప్పండి. తీగ కొస గాల్లో ఉంటే ముల్లు నిండు గుర్తు దాటి పోవాలి. కొసను ఫ్రేముకు తాకిస్తే ఖాళీకి పడిపోవాలి. రెండూ జరిగితే గేజి, తీగ బాగున్నట్టే. కలిపాక ముల్లు తప్పు చూపిస్తే సెండరు ఎర్త్‌ను అనుమానించండి. పెయింటు గీకిన శుభ్రమైన లోహానికే ఎర్త్ బోల్టు పడాలి.

పరీక్ష

మొదట రెండు గ్యాలన్లు పోసి, కింద పొడి అట్టముక్కలు పరచండి. ప్రతి కీలూ చేత్తో తడిమి చూడండి. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, మళ్ళీ చూడండి. ఆ తర్వాత బంకుకు వెళ్ళి నిండా పోయించండి. నాజిల్ మధ్యలో టక్కుమనకుండా ఒకే ధారగా పోస్తే గాలి దారి కుదిరినట్టే. నిండు ట్యాంకుతో బండి ముక్కు పైకి ఉండేలా వాలులో కాసేపు, కిందికి ఉండేలా కాసేపు నిలిపి చూడండి. చాలా లీకులు సమతలం మీద బయటపడవు, పై భాగంలో ఉన్న సెండరు రబ్బరు, గాలి గొట్టాల కీళ్ళు వాలులోనే తడిసి కనిపిస్తాయి. కంప్రెసర్ గాలితో ట్యాంకును ఒత్తి పరీక్షించకండి, పల్చటి రేకు ఉబ్బిపోతుంది.

మొదటి వంద మైళ్ళ తర్వాత పట్టీలు, క్లాంపులు ఇంకోసారి బిగించండి. కొత్త రబ్బరు కాస్త అణుగుతుంది.

క్యాబిన్‌లో మిగిలిన రంధ్రాలన్నీ మూసేయాలి. నేలలో పాత పైపు దిగిన చోటుకు రబ్బరు బిరడా చాలు, అది వేయకపోతే సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది. క్యాబ్ మూలలో పాత మూతి రంధ్రానికి రేకు ముక్క వెల్డింగ్ చేయించి పెయింటు వేయించవచ్చు, లేదా పాత మూతనే అలంకారంగా ఉంచేయవచ్చు. ఉంచేస్తే బంకులో ఎవరైనా పొరపాటున అందులో నాజిల్ పెట్టకుండా లోపల నుంచి గట్టిగా మూయండి. పాత ట్యాంకును కోసి ఇంకేదైనా చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. నెలల తరబడి ఖాళీగా ఉన్నా మడతల్లో ఆవిరి మిగిలే ఉంటుంది, గ్రైండరు రవ్వ తగిలితే పేలుతుంది. బండిని ఎప్పుడైనా ఒరిజినల్‌గా మార్చాలనుకునేవాళ్ళు కొంటారు, లేదంటే స్క్రాప్ వాళ్ళకు అది పెట్రోలు ట్యాంకని చెప్పి మరీ ఇవ్వండి.